ఇరవై ఆరో పూత

"ముట్టుకోకండి" అని అతను అనేసరికి ఆమె ముట్టుకోవడం, వేలు వెనక్కి తీసుకోవడం, వేలికంటిన నల్లటి జిగురును చేతిరుమాలుకి తుడుచుకోవడం కూడా అయిపోయాయి.

బల్ల మీద వేలిముద్ర మిగిలింది. అద్దంలాంటి నలుపు మధ్య చిన్న సుడి.

"ఆ మాటేదో ముందే అనొచ్చుగా!" అందామె.

అనాలనే అనుకున్నాడు. కానీ అతని మాట గుమ్మం దాకా వచ్చి చెప్పులు వెతుక్కునే రకం. అది వేసుకుని బయటపడేలోపు అవతలివాళ్లు వీధి చివరుంటారు. అందుకే అందరూ అతన్ని మూగోడంటారు. చెక్క సామానుకి పూతలు వేసే ఆ వర్క్‌షాపు అతని మేనత్తది. మామ పోయాక ఆవిడే నడుపుతోంది. ఇద్దరికీ సరిపడా మాటలు ఆవిడ దగ్గరే ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే ఆమె మళ్లీ వచ్చింది. ఎడమ కన్ను పొంగి మూసుకుపోయింది. కుడిచేతి వేళ్లు వంకాయల్లా ఉన్నాయి.

"చూడండి ఈ మొహం. మీ షాపుకొచ్చినవాళ్లందరికీ ఇదేనా మర్యాద?"

అత్త ముక్కున వేలేసుకుంది. "అయ్యో తల్లీ, పాలంటుకున్నాయా! ఆ పూత చెట్టుకి గాటు పెడితే కారే పాలమ్మా. ఆరిందంటే వేడి గిన్నె పెట్టినా జంకదు. పచ్చిగా ఉన్నప్పుడు మాత్రం జీడిపాలకి అక్క. ఒరేయ్ మూగోడా, చెప్పలేదుట్రా?"

"చెప్పాను."

"ఎప్పుడు?"

"తర్వాత."

ఆమె నవ్వింది. కోపంగా ఉండాలని వచ్చిన మనిషి, ఆపుకోలేక నవ్వింది. ఆ ఒంటికంటి నవ్వు చూసి అతను తల వంచుకుని పనిలో పడ్డాడు. ఏ పనిలో పడ్డాడో మాత్రం ఎంతసేపటికీ తెలియలేదు. బల్ల మీది వేలిముద్రను అప్పటికే రుద్దేశాడు, పూత నునుపుగా ఉండాలి కాబట్టి. తర్వాత్తర్వాత ఆ సంగతి తలుచుకుని చాలాసార్లు నాలుక కరుచుకున్నాడు.

ఆమె చంకలోని కాగితపు చుట్ట విప్పి పరిచింది. బీరువా బొమ్మ. నాలుగు గీతలు, గుండ్రం తిరిగిన రెండు మూలలు, సన్నటి కాళ్లు. అత్త కళ్లజోడు పెట్టుకుని చూసింది, తీసి చూసింది.

"ఇందులో ఏమీ లేదేంటమ్మా?"

"అదే డిజైన్, పిన్నిగారూ. వందేళ్ల కిందట కొంతమందికి విసుగు పుట్టింది. కుర్చీకి సింహం కాళ్లెందుకు, బీరువాకి ద్రాక్షగుత్తులెందుకు అని. అన్నీ పీకేసి గీతొక్కటే ఉంచారు. ఆ పద్ధతిలో గీశాను."

"పాపం, చెక్కుడు పనివాళ్ల నోటి దగ్గర కూడు లాగేశారన్నమాట."

"పూత పనివాళ్లకి పెట్టారు. నగిషీ ఉంటే తప్పులు దాక్కోవడానికి చోటుంటుంది. చదునుగా ఉన్నచోట పూతే దిక్కు."

మూగోడు తలెత్తాడు. పదిహేనేళ్లుగా పూస్తున్నాడు. అతని పని గురించి అలాంటి మాట ఎవరూ అనలేదు.

"ముప్పై పూతలు" అన్నాడు. "ఒకటి ఎరుపు, ఒకటి నలుపు. పూతకి రెండ్రోజులు."

"రంగు మార్చడం ఎందుకు?"

"రుద్దేటప్పుడు ఎంత లోతుకి పోయామో రంగే చెప్తుంది."

"అరవై రోజులు. నాకు డెబ్భై అయిదున్నాయి" అంటూ ఆమె కూలబడి తన కథంతా చెప్పుకొచ్చింది. అక్క మొగుడికి పెద్ద షోరూమ్ ఉంది. ఆరేళ్లుగా అక్కడ వంటింటి అరలు గీస్తోంది. గీతలు తనవి, కింద సంతకం బావది. ఎన్నాళ్లో పోరాడితే ఒక్క అవకాశమిచ్చాడు. డెబ్భై అయిదో రోజు సాయంత్రానికల్లా ఎగ్జిబిషన్ హాల్లో ఈ బీరువా ఉంటే దాని మీద ఆమె పేరుంటుంది, షోరూమ్‌లో ఒక గది ఆమెదవుతుంది. లేకపోతే ఇంకెప్పుడూ ఆ ఊసెత్తకూడదు.

"జీవితాంతం గిన్నెల అరలే గీయాలండీ. గరిటెలకి ఎంత చోటు, మూతలకి ఎంత చోటు. అందుకే చెప్తున్నా, ప్రతి పూతా దగ్గరుండి చూసుకుంటాను. విసుక్కోకూడదు."

విసుక్కోవడమా! ఆ రాత్రి అతను అన్నం పెట్టుకోవడం మర్చిపోయి మంచినీళ్లు మాత్రం తాగి పడుకున్నాడు.

*

చెట్టుపాల పూత గాలికి ఆరదు, ఎండకి ఆరదు. తేమకి ఆరుతుంది. వర్క్‌షాపు వెనక చెమ్మగది అని ఒకటుంది. గోడలకి తడిగుడ్డలు కట్టి, పూసిన సామాను అందులో పెట్టి తలుపేస్తారు. బయట వాన పడితే ఇక అడగక్కర్లేదు, రెండ్రోజుల పని ఒక్కరోజులో అయిపోతుంది.

"అంటే వాన పడితే గొడుగు వేసుకోవాల్సింది పోయి సంబరపడతారా మీరు?" అంది ఆమె మూడో పూతకి.

"ఊఁ."

"ఊఁ కాకుండా ఇంకో మాట చెప్పండి."

చాలాసేపు ఆలోచించాడు. "అవును."

"అబ్బో! ఇవాళ్టికి ఇక రెస్టు తీసుకోండి, గొంతు నొప్పెడుతుంది."

ఎర్ర పూతకొచ్చినరోజు కబుర్లెక్కువ, నల్ల పూతకి పట్టింపులెక్కువ. బ్రష్ ఎటునుంచి ఎటు పోతోందో వంగి చూసేది. తొమ్మిదో పూత తర్వాత తలుపుల అంచున కోడిగుడ్డు పెంకులు అతికించే పని పడింది. అదీ పాత పద్ధతే. పెంకును గోరంత ముక్కలుగా విరిచి, తడి పూత మీద పట్టకారుతో ఒక్కొక్కటీ పేర్చాలి. ఆ పెంకుల కోసం వర్క్‌షాపంతా వారం రోజులు గుడ్లే తింది. "ఇంకొక్క ఆమ్లెట్ తింటే కూతపెడతాను" అని అత్త దణ్ణం పెట్టింది.

ఇద్దరూ చెరో పట్టకారు పట్టుకుని ఒకే అంచు మీదకి వంగారు. అటునుంచి ఆమె, ఇటునుంచి అతను. చేతికి తొడుగులు. మధ్యలో చివరి ముక్క దగ్గర రెండు పట్టకార్లూ ఢీకొన్నాయి.

"మీరు పెట్టండి" అందామె.

"మీరు."

"బీరువా నాదే కానీ చెయ్యి మీదే కదా. మీరే పెట్టండి."

పెట్టాడు. చూపు ముక్క మీద లేదు. ఆ ఒక్క ముక్కా కొంచెం వంకరగా కూర్చుంది. "ఉండనివ్వండి, మనిషి చేసినట్టు తెలుస్తుంది" అందామె.

పదకొండో పూత నిజంగానే పాడైంది. ఎక్కడినుంచో దుమ్ము రేగి తడి మీద కూర్చుంది. మొత్తం రుద్దేసి మళ్లీ పూయాలి. ఆమె తిట్టుకోలేదు. చేతులు పైకి మడిచి, తనూ ఉప్పుకాగితం నీళ్లలో ముంచి, మూడు గంటలు పక్కన కూర్చుని రుద్దింది. రుద్దుతూ చిన్నప్పుడు అక్కతో పడ్డ కొట్లాటలన్నీ చెప్పింది. ఆ పూత కోసం ఒకసారి ఎక్కువ రావాల్సి వచ్చింది.

ఒకసారి ఎక్కువ.

అక్కడే అతనికి పాడు తెలివి పుట్టింది. పదిహేను రోజులు చేతిలో ఉన్నాయి కదా. పద్నాలుగో పూత తెల్లారి తీసి చూస్తే కళ్లకద్దుకునేలా ఉంది. ఉప్పుకాగితం తీసుకుని రుద్దేశాడు. ఆమె రాగానే "ముడత పడింది" అన్నాడు. అబద్ధం మాత్రం అతని నోట్లోంచి టైంకి వచ్చింది.

పదహారుకీ పడింది ముడత. పదిహేడుకీ.

ఆమె తలకి గుడ్డ చుట్టుకుని రావడం మొదలుపెట్టింది. గుమ్మం బయట కాళ్లు కడుక్కునేది. చెమ్మగదిలో ఊపిరి బిగబట్టి నిలబడేది.

"నా బట్టల మీద దుమ్మే కారణమేమో. నేను రావడం మానేస్తే నయమేమో కదండీ?"

"కాదు కాదు కాదు. మీ వల్ల కాదు" అన్నాడు. ఒక్క ఊపిరిలో అన్ని మాటలు అతను పుట్టాక అనలేదు.

ఆమె కళ్లు తుడుచుకుని, "మంచివారండీ మీరు" అంది. ఆ మాట తిన్న అన్నంలో రాయిలా అతని పంటికింద చాలా రోజులుంది. అయినా పంతొమ్మిదికి ముడత పడింది, ఇరవైకీ పడింది.

బావగారు ఒకరోజు చూడటానికి వచ్చాడు. చెమ్మగదిలో ఉన్న మూగోడికి మాటలన్నీ వినపడుతున్నాయి.

"ఇంకా పది పూతలా? మరదలు పిల్లా, వంటింటి అరల టేబుల్ నీకోసం తుడిపించి ఉంచనా?"

"మీరే తుడుచుకోండి బావా. నా బీరువా టైంకి వస్తుంది."

"ఆ నోరులేనివాడి మీద ఏంటే నీకంత నమ్మకం?"

"నా చేతి మీదకన్నా ఎక్కువ."

గోడకి కట్టిన తడిగుడ్డలో మొహం పెట్టుకుని అతను ఒట్టు పెట్టుకున్నాడు. ఇక ఒక్క పూత కూడా రుద్దను. ఆ ఒట్టు ఇరవై ఒకటి నుంచి ఇరవై అయిదు దాకా నిలబెట్టుకున్నాడు కూడా. కానీ ఇప్పుడు గాలి అడ్డం తిరిగింది. వేడి, పొడి గాలి. గంటగంటకీ గుడ్డలు తడిపినా పూత ఆరనంటోంది. రెండ్రోజులది మూడు, మూడోది దాటి నాలుగు. చేతిలో ఉన్న రోజులన్నీ అతను ముందే తినేశాడు, ఇక తినడానికి వాతావరణం కూర్చుంది.

డెబ్భయ్యో రోజు తెల్లవారుజామున వాన దిగింది.

*

మామూలు వాన కాదు. రేకుల మీద ఎవరో బస్తాలు గుమ్మరిస్తున్నట్టు. ఇరవై ఆరో పూత చక్కగా ఆరింది. చెమ్మగది తలుపు తీస్తే పైనున్న ట్యూబులైటు కాక బీరువాలో ఇంకోటి వెలిగింది.

ఇంకా నాలుగు పూతలు. ఈ వానలో నాలుగు రోజులు. మెరుగు పెట్టడానికి ఒకరోజు. సరిగ్గా సరిపోతుంది.

నాలుగు రోజులయ్యాక ఆమె రాదు.

అతను బీరువా ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఇంకొక్కటి. ఒక్కటే. ఈ తేమకి పూటకొకటి ఆరుతుంది, ఎలాగోలా సర్దేయొచ్చు అనుకున్నాడు. అనుకుంటూనే ముతక ఉప్పుకాగితం చెక్కముక్కకి చుట్టాడు. సగం తలుపు రుద్దాడు. నలుపు మసకబారి బూడిదరంగయింది.

"వాన! చూశారా వాన! ఆగలేక పరిగెత్తుకొచ్చేశాను..."

గుమ్మంలో ఆమె. చెప్పులు చేతిలో ఉన్నాయి. గడ్డం మీంచి నీళ్లు కారుతున్నాయి. మొహమంతా నవ్వే. ఆ నవ్వు సగంలో ఆగింది.

"ఏం చేస్తున్నారు?"

"ముడత" అన్నాడు. చెయ్యి ఆగలేదు.

"ఎక్కడ?"

ఆమె దగ్గరికొచ్చి, రుద్దని సగంలోకి వంగి చూసింది.

"ఎక్కడండీ ముడత? ఇందులో నా మొహం కనపడుతోంది. ముక్కు మీద నీటిచుక్క కూడా కనపడుతోంది. ఏది ముడత?"

అతని చెయ్యి మూల దగ్గరికి పోయింది. నోరు పలకనప్పుడల్లా ఆ చెయ్యే కదిలేది. ఇప్పుడూ అదే పని మీద ఉంది. అతను దాన్ని చూడటం లేదు.

"పదకొండోది?"

"అది నిజం. దుమ్ము."

"పద్నాలుగు? పదహారు? పదిహేడు?" ఒక్కొక్క అంకెకీ ఆమె గొంతు తగ్గుతోంది. "తలకి గుడ్డ కట్టుకుని తిరిగాను. ఊపిరి కూడా బిగబట్టాను. నావల్లే పాడవుతోందని ఇంటికెళ్లి ఏడ్చాను."

"మీ వల్ల కాదని చెప్పాను."

"ఎవరివల్లో చెప్పలేదు!"

రేకుల మీద వాన. లోపల ఉప్పుకాగితం గరగర.

"ఎందుకు?" అందామె.

ఈసారి మాట చెప్పులు వెతుక్కోలేదు. ఉత్తి కాళ్లతోనే వచ్చేసింది. "ముప్పై అయిపోతే మీరు రారని."

ఆమె గోడకి ఆనుకుంది. అంతవరకూ 'మీరు' అన్న మనిషి అక్కడ 'నువ్వు'లోకి దిగింది.

"ఈ మాట అనడానికి నీకు ఒక నోరు చాలేది. నా రోజులెందుకు తిన్నావు? బీరువా లేకపోయినా వచ్చేదాన్నేమో. అడిగి చూశావా?"

అతను ఆ 'ఏమో' దగ్గరే ఆగిపోయాడు. చెయ్యి మాత్రం ఆగలేదు.

"మూల!" అని అరిచిందామె. "మూల చూడు!"

చూశాడు. గుండ్రటి మూల దగ్గర నలుపు పోయింది, దాని కింది ఎరుపు పోయింది, ఆ కింది నలుపు, ఆ కింది ఎరుపు. నలుపు ఎరుపుల చుట్లు చుట్లుగా, నట్టనడుమ రూపాయంత ఉత్తి చెక్క బయటపడింది. ఎర్రబడిన కన్ను తెరుచుకుని వాళ్లిద్దరినీ చూస్తున్నట్టుంది. ఆ మూల మళ్లీ కట్టాలంటే ఇరవై ఆరు పూతలూ మొదటినుంచి వెయ్యాలి. ఏ వానకీ అయిదు రోజుల్లో అది అయ్యేది కాదు.

ఆమె ఏడవలేదు. అది మరీ కష్టంగా ఉంది.

"ఈ బీరువా నాకెంత అవసరమో లోకంలో నాకు తెలుసు, నీకు తెలుసు. మా అక్కకి కూడా అంత తెలీదు. తెలిసీ రుద్దావు చూడు, అదీ నా కోపం."

గుమ్మంలో కూర్చుని చెప్పులు వేసుకుంది. బకిల్ దొరకలేదు. రెండుసార్లు తడుముకుని, వదిలేసి, అలాగే వానలోకి వెళ్లిపోయింది.

*

ఎగ్జిబిషన్ వచ్చింది, పోయింది. ఆమె వంటింటి అరల టేబుల్ దగ్గర కూర్చుందని అత్త ఎవరి దగ్గరో విని వచ్చింది.

"నిన్ను తిట్టడానికి నా దగ్గర కూడా మాటలు అయిపోయాయిరా. నా దగ్గరే!" అంది.

అతను మిగిలిన పూతలు వేశాడు. రెండ్రోజులకొకటి, ఎక్కడా ముడత లేకుండా. మూల మాత్రం కప్పలేదు. దాన్ని కప్పితే ఇంకో అబద్ధం పూసినట్టే అనిపించింది. నునుపుగా రుద్ది, మెరుగు పెట్టి, ఆ కన్నును అలాగే వదిలేశాడు. బీరువా ఆమెది. వ్యానులో పెట్టించి షోరూమ్‌కి పంపాడు. తను వెళ్లలేదు. వెళ్లి ఏమంటాడు?

నాలుగు నెలలకి ఆమె వచ్చింది.

జుట్టు కత్తిరించుకుంది. చంకలో కాగితపు చుట్ట లేదు, చేతిలో ఆఫీసు ఫైలుంది.

"పిన్నిగారూ, ఆర్డర్. ఎనిమిది బీరువాలు."

"ఎనిమిదా! కూర్చో తల్లీ, కూర్చో. అంత నచ్చిందా నీ బీరువా?"

"బీరువా కాదు." ఆమె మూగోడి వైపు చూడకుండా చెప్పింది. "బావ దాన్ని అద్దాల వెనక పెట్టించాడు. వచ్చినవాళ్లంతా ఆ మూల దగ్గరే ఆగుతున్నారు. ఆ కన్ను ఎవరి ఐడియా, ఎంత బాగుంది అంటారు. ఎనిమిదింటికీ ఆ కన్నే కావాలంట. గదీ ఇచ్చాడు, తలుపు మీద నా పేరూ పెట్టాడు."

"మంచిదే కదమ్మా మరి!"

"ఆరేళ్లు ఆలోచించి గీసింది ఎవరికీ కనపడలేదు పిన్నిగారూ. ఈయన పాడుచేసిందే కనపడింది. నా పేరు దాని మీద ఉంది." నవ్వబోయింది. ఈసారి రెండు కళ్లూ తెరుచుకునే ఉన్నాయి, నవ్వే రాలేదు.

అత్త కాగితాలు వెతికే నెపంతో లోపలికి వెళ్లిపోయింది. ఆవిడ అలా మాట మధ్యలో వెళ్లడం అదే మొదలు.

"ప్రతి పూతకీ రాను" అందామె ఫైలు మూస్తూ. "మూల రుద్దేరోజు మాత్రం కబురు పెట్టు. వచ్చి నిలబడతాను."

"ఎందుకు?"

"రుద్దేటప్పుడు నీ మొహం చూడాలి. ఎనిమిదిసార్లు."

అతను తలూపాడు. ఏదో అనాలి. ఏం అనాలో కూడా తెలుసు. నాలుగు నెలలుగా రోజూ అనుకుంటున్న మాటే. అది అప్పుడే గుమ్మం దాకా వస్తోంది.

పక్కనే ఆ ఉదయం పూసిన బల్ల ఉంది. ఎరుపు, అద్దంలా. ఆమె దానివైపు తిరిగింది. ఏదో ఆలోచనలో ఉంది. అలవాటుకొద్దీ చెయ్యి చాపింది, వేలు ముందుకు...

"ముట్టుకోకు!"

వేలు అంగుళం దూరంలో ఆగింది.

ఆమె ఆ వేలును చూసుకుంది. అతన్ని చూసింది. "టైంకి అన్నావే" అంది మెల్లగా. చెయ్యి వెనక్కి తీసుకుని, ఫైలు గుండెకి ఆనించుకుని, గొడుగు విప్పుకుని బయటికి నడిచింది. తుంపర మొదలైంది.

ఇన్నేళ్లకి ఒక్క మాట టైంకి అన్నాడు. అన్నది ముట్టుకోవద్దని.

అత్త గుమ్మంలోకొచ్చి వీధిలోకి చూసింది. "ఒరేయ్, మొదటి పూత ఎప్పటికి ఆరుతుందో చెప్పావుట్రా ఆ పిల్లకి?"

చెప్పలేదు. అతను లేచాడు. చేతికి తొడుగులతోనే, చెప్పుల్లేకుండా, తుంపరలో వీధి మధ్యకొచ్చి నిలబడ్డాడు.

"రెండ్రోజులు!" అని అరిచాడు. తన గొంతు ఇంత పెద్దదని అతనికే తెలియదు. ఎదురుగా కిటికీ తెరుచుకుంది. "రెండే రోజులు! ముడత పడదు!"

వీధి చివర గొడుగు ఆగింది. వెనక్కి తిరగలేదు. ఎంతసేపు ఆగిందో అతను చెప్పలేడు. తర్వాత మూల తిరిగింది.

అతను లోపలికొచ్చి బక్కెట్టు నింపుకున్నాడు. చెమ్మగదిలో గుడ్డలన్నీ విప్పి తడిపి, రెండేసి వరుసలు కట్టడం మొదలుపెట్టాడు.